మాటలొస్తున్నాయి, బొమ్మ రావడం లేదు

మా నాయిన లెక్కలో నా బతుకు ఒక్క అంతస్తు తేడాతో చెడిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగితే కనిపించే ఆ బిల్డింగులో కింద చెప్పుల దుకాణం, దాని మీద కళ్ళద్దాల షాపు, రెండో అంతస్తులో సర్కారు కొలువుల కోచింగ్ సెంటర్, ఆ పైన మా ఆఫీసు. రెండో అంతస్తులో ఆగి బుద్ధిగా కూర్చోవాల్సిన కొడుకు, వెనక ఎవరో తరుముతున్నట్టు ఇంకో అంతస్తు ఎక్కేశాడని ఆయన దిగులు.

ఆ పైన మేము చేసేది పిల్లల కంప్యూటర్ ఆట. తెలుగులో. రాజుగారి ఖజానాలో నగలు పోతాయి, దొంగ పారిపోతుంటాడు, ఆడే పిల్లవాడు లెక్కలు చేసుకుంటూ, పొడుపు కథలు విప్పుకుంటూ వాణ్ని వెంటాడాలి. ఒక్కో మజిలీ దాటగానే చిన్న వీడియో వస్తుంది. రాజు తల పట్టుకుంటాడు, దొంగ గోడ దూకుతాడు, మంత్రి కాలు జారి పడతాడు. మా సార్ తెనాలి వైపు నుంచి వచ్చి, ఇదే దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పి చెప్పి విసిగిపోయి ఈ ఆట మొదలుపెట్టాడు. ఆయన కాక బొమ్మలు గీసే ఇద్దరు, నేను. ఆ వీడియోలు ఆడేవాళ్ళ కంప్యూటర్లలో సరిగ్గా నడిచేట్టు చూడటం నా పని. వింటే ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. మా నాయినకూ అట్లాగే అనిపించింది.

"ఆట ఆడుతుంటే నడుమల బొమ్మ ఎందుకురా?" అని ఒకసారి అడిగాడు. కథ తెలియడానికి అన్నాను. "కత కావాల్నంటే మీ అమ్మను అడుగరాదు, జీతం లేకుండ చెప్తది" అన్నాడు. ఆ తరువాత నా ఉద్యోగం గురించి ఆయనకు ఏదీ వివరించే సాహసం చేయలేదు.

మా నాయిన ఎల్‌బీ నగర్‌లో ఓ సర్కారు ఆఫీసులో అటెండరు. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చి ఆ కొలువు సంపాదించి, సరూర్‌నగర్‌లో కిరాయి ఇంట్లో దిగినప్పటి నుంచి ఆయనకు లోకంలో రెండే రకాల మనుషులు: సర్కారు కొలువు వచ్చినవాళ్ళు, ఇంకా రానివాళ్ళు. మామూలు రోజుల్లో పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు కాబట్టి నన్ను పట్టించుకునే తీరిక ఉండేది కాదు. కానీ ఆ ఏడు సకల జనుల సమ్మె వచ్చింది. ఆఫీసులకు తాళాలు, బస్సులు బంద్, బడులు బంద్. నాయిన పగలంతా సమ్మె టెంటులో కూర్చుని, పెందలాడే ఇంటికొచ్చి నా మీద పడేవాడు. తెలంగాణ రావాలని నేనూ మనస్ఫూర్తిగా కోరుకున్నాను గాని, దానికోసం మా నాయినకు ఇంత తీరిక ఇవ్వాలా అని మాత్రం అప్పుడప్పుడు అనిపించేది.

ఆ తీరికలోనే ఆయన నాకు గడువు పెట్టాడు. "గీ సమ్మె ఒడిసేలోపల నీ బొమ్మ నడిస్తే నడిచినట్టు. లేకుంటే కింది అంతస్తుకు దిగి పేరు రాయించు. మల్ల నాకు కతలు చెప్పొద్దు" అన్నాడు. ఊరికే అన్నమాట కాదది. మా నాయిన మాటంటే ఇక కేబినెట్ నిర్ణయమే.

ఆయన గడువు పెట్టడానికి కారణం ఉంది. అప్పటికి మా ఆట తయారైనట్టే. కొన్ని బడులవాళ్ళు తీసుకుంటామన్నారు, ముందు ఒక సీడీ పంపితే తమ ల్యాబుల్లో వేసి చూస్తామన్నారు. సమ్మెకు కాస్త ముందు మిర్యాలగూడ వైపు ఒక బడికి పంపాం. వాళ్ళ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. సార్ ఫోన్ పెట్టేసి నావైపు తిరిగి, "అబ్బాయ్, మాటలొస్తన్నాయంట, బొమ్మ రావట్లేదంట" అన్నాడు.

అంటే తెర నల్లగా ఉంటుంది. లోపల రాజు ఏడుస్తుంటాడు, దొంగ నవ్వుతుంటాడు, మంత్రి దబ్బున పడిన చప్పుడూ వస్తుంది. మనుషులు మాత్రం కనపడరు. బొమ్మలు గీసిన ఇద్దరూ నెలల తరబడి కళ్ళు పోగొట్టుకుని చేసిన వీడియో కాస్తా రేడియో నాటకమైంది. ఇంకో బడి కూడా అదే మాట చెప్పింది. బొమ్మ సరిచేసి పంపితే తీసుకుంటాం, లేకపోతే మీ దారి మీది అన్నారు. ఇది సరికాకపోతే దుకాణం మూసేసి మళ్ళీ ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పుకోవడమే అన్నాడు సార్. ఆయనకు లెక్కల పీడకల, నాకు జనరల్ స్టడీస్ పీడకల. ఇద్దరం అట్లా కొన్నాళ్ళు బిక్కమొహాలేసుకుని తిరిగాం.

చిక్కేమిటంటే, మా దగ్గర బొమ్మ బ్రహ్మాండంగా ఆడేది. వీడియోను ఉన్నదున్నట్టు పెడితే సీడీలో పట్టదు. అందుకని మూట కట్టినట్టు బిగించి కట్టేస్తారు. ఆ ముడి విప్పడం తెలిసిన చిన్న ప్రోగ్రాం చూసేవాడి కంప్యూటర్‌లో ఉండాలి. దాన్ని కోడెక్ అంటారు. అది లేనిచోట మూట మూటలాగే ఉండిపోతుంది. మేం కట్టిన ముడికి సరిపోయే కోడెక్ మా ఆఫీసులో ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంది. పని కోసం వేసుకున్నామనుకునేరు. అంత బుద్ధిమంతులం కాదు. సినిమాలు చూడటానికి వేసుకున్నాం. శుక్రవారం విడుదలైన సినిమా ఆదివారానికి పెన్‌డ్రైవ్‌లో తిరిగే రోజులవి. ఆ దొంగ సినిమాలు విప్పే ప్రోగ్రామే మా రాజునూ మంత్రినీ కూడా విప్పుతోంది. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.

తట్టాక, అది లేని కంప్యూటర్ ఒక్కటి దొరికితే చాలు, దాని మీద వేసి చూసి సరిచేసుకోవచ్చనుకుని బయల్దేరాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట దాకా నెట్ సెంటర్లన్నీ తిరిగాను. ప్రతిచోటా రాజు తల పట్టుకుని నిక్షేపంగా ఏడ్చాడు. దవాఖానలో చిట్టీలు కొట్టే కంప్యూటర్‌లో వేయించి చూశాను, ఆడింది. మా కాలనీలో జాతకాలు వేసే పంతులుగారు పాపం కంప్యూటర్‌కు వేసిన తులసిమాల తీసి నన్ను దాని ముందు కూర్చోబెట్టాడు, అందులోనూ ఆడింది. అంత బాగా ఆడుతుంటే నాకు ఏడుపొచ్చేది. నా మొహం చూసి పంతులుగారు, బాగానే వస్తున్నది గదా నాయనా, నీకేం కష్టమొచ్చింది అని అడిగాడు. ఏం చెప్పాలి?

పోనీ ఆఫీసులో ఒకదాన్ని తుడిచిపెట్టి విండోస్ మళ్ళీ కొత్తగా ఎక్కిద్దామనుకున్నాం. మా దగ్గరున్న విండోస్ సీడీ ఫుట్‌పాత్ మీద కొన్నది. దాన్ని తయారుచేసిన మహానుభావుడెవరో గాని ధర్మాత్ముడు. విండోస్‌తోపాటు సినిమా ప్లేయరు, కోడెక్‌లు, ఒక హీరోయిన్ వాల్‌పేపరూ కలిపి పెట్టాడు. కంప్యూటర్ పుట్టడమే సినిమా చూసే భాగ్యంతో పుట్టేది. చుట్టుపక్కల కంప్యూటర్లు బిగించే వాళ్ళందరి దగ్గరా ఉన్నది అదే సీడీ, లేదా దానికి అన్నదమ్ముడు. అసలు సీడీ ఉన్న మనిషి ఒక్కడు కనపడలేదు. బడుల్లో మాత్రం కంపెనీ వాళ్ళు బిగించిన కొత్తవి, ఎవరూ వేలు పెట్టనివి. ఆ బడులేమో సమ్మెలో మూతపడ్డాయి, పోదామంటే బస్సు లేదు.

ఆ రాత్రి అన్నం తింటూ ఫోన్‌లో సార్‌తో గట్టిగా వాదిస్తున్నాను. ఎవరూ ముట్టని కంప్యూటర్ ఈ పట్నంలో ఎక్కడుంటుంది సార్, చెప్పండి, పోయి కాళ్ళు మొక్కుతాను అన్నాను. నాయిన కంచంలోంచి తల ఎత్తకుండానే, "మా ఆఫీసుల లేదా ఒకటి. వచ్చిన కాడినుంచి దాన్ని ఎవ్వలు ముట్టలె" అన్నాడు.

ఆ కంప్యూటర్ కథ ఇది. పైనుంచి మంజూరై వచ్చింది. దాన్ని నడిపే ఆపరేటర్ పోస్టు మాత్రం మంజూరు కాలేదు. ఒకసారి ఆన్ చేసి, వెలిగిందని అందరూ సంతోషించి, ఆఫ్ చేసి ప్లాస్టిక్ కవరు కప్పేశారు. నాయిన రోజూ ఆ కవరు మీది దుమ్ము తుడిచేవాడు. దసరాకు కుంకుమ బొట్టు పెట్టేవాడు. ఆ ఆఫీసులో దేవుడి పటం తరువాత అంత మర్యాద దొరికింది దానికే. నాకు నెత్తిన పాలు పోసినట్టయింది. తాళం ఇవ్వు నాయినా అన్నాను.

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. సమ్మెలో తాళం తీయడమంటే ఏమిటో తెలుసా అని మొదలుపెట్టాడు. పొద్దున లేచి అందరి ముందు నినాదాలిచ్చి, మధ్యాహ్నం దొంగచాటుగా ఆఫీసు తెరిచిన మనిషి అనిపించుకోవాలా అన్నాడు. నేను కూడా మాట తగ్గించలేదు. నువ్వే గడువు పెట్టావు, నువ్వే తాళం పెట్టుకున్నావు, ఇదేం న్యాయం అన్నాను. అప్పటిదాకా మజ్జిగ పోస్తున్న మా అమ్మ తీరిగ్గా అందుకుంది.

"తియ్యకుంటే పోరడు ఓడిపోయి కిందికి దిగుతడు. నీకు కావాల్సింది గదే గదా" అంది.

నాయినకు ఆ మాట ఎక్కడో తగిలింది. చెయ్యి కడుక్కుని వచ్చి, "ఓడిపోతే ఓడిపోని. నా వల్ల ఓడిపోయిండనొద్దు" అన్నాడు. తెల్లారి నన్ను టెంటుకు రమ్మన్నాడు.

ఆఫీసు ముందే, విజయవాడ రోడ్డు పక్కన టెంటు. ఆ రోజు వంటా వార్పూ కార్యక్రమం. రోడ్డు మీదే రాళ్ళ పొయ్యిలు పెట్టి బగారన్నం వండుతున్నారు, పొగకు అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. సూపరింటెండెంటు గారిని నాయిన వాళ్ళు పెద్దసారు అనేవాళ్ళు. సమ్మెలోనూ ఆయన కుర్చీ ఆయనకే ఉంది, మిగతావాళ్ళు జంపఖానా మీద. నన్ను చూసి, "ఏం బిడ్డా, కోచింగ్ ఎట్ల నడుస్తుంది?" అన్నాడు ప్రేమగా.

నేను నాయిన వైపు చూశాను. నాయిన లారీల వైపు చూశాడు. నేను మా సార్ దగ్గర పనికి చేరినప్పటి నుంచి నాయిన తన ఆఫీసులో నా గురించి చెప్తున్న కథ ఏమిటో అర్థమైంది. మనసు చివుక్కుమంది. మంచిగనే నడుస్తుంది సార్ అన్నాను. కంప్యూటర్ ఎందుకు కావాల్సి వచ్చిందని పెద్దసారు అడిగితే నాయిన అడ్డం పడి, వాని దోస్తులదేదో పని ఉన్నదట అన్నాడు. కన్న కొడుకు పని ఆ నోట దోస్తుల పని అయింది.

పెద్దసారు ఈ విషయం మీద పెద్ద చర్చే పెట్టాడు. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు చూసిన మనిషి, ఫైలు లేక నాలుక పీకుతున్నట్టుంది. తాళం తీస్తే సమ్మె చెడుతుందా చెడదా? పని చేస్తే చెడుతుంది. సామాను బయటికొస్తే చెడదు. మంచినీళ్ళ కుండ, ఇంకో జంపఖానా లోపలే ఉండిపోయాయి, వాటికోసం ఎలాగూ తీయాలి. వాటితోపాటు కంప్యూటర్ కూడా వస్తుంది. కానీ సమ్మెలో ఉన్న ఉద్యోగి గడప దాటి లోపల కాలు పెట్టకూడదు. కాబట్టి అటెండరు తాళం తీసి గడప బయట నిలబడతాడు, ఉద్యోగం లేని కొడుకు లోపలికి పోతాడు. సర్కారు కొలువు లేకపోవడం వల్ల నాకు జీవితంలో జరిగిన ఒకే ఒక్క మేలు అది.

కుండతో, జంపఖానాతో కంప్యూటర్ బయటికొచ్చింది. కవరు తీశాను. ఎవరో దాని నెత్తిన జై తెలంగాణ అట్టముక్క అంటించారు. మైకుసెట్టు జనరేటర్ నుంచి కరెంటు ఇచ్చారు. ఈలోగా మా సార్ స్కూటర్ మీద వచ్చాడు. వస్తూనే కనిపించినవాడికల్లా జై తెలంగాణ చెప్పాడు. పాన్‌డబ్బా ఆయనకు చెప్పాడు, ట్రాఫిక్ పోలీసుకు చెప్పాడు, నాక్కూడా చెప్పాడు. రోజూ చూసే మొహమే సార్, నాకెందుకు అన్నాను. ఆయన భయం చూస్తే నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. అక్కడ ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. కూర్చోబెట్టి విస్తరాకులో బగారన్నం పెట్టారు.

సీడీ పెట్టి మొదటి వీడియో నడిపాను. తెర నల్లగా ఉండిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అన్ని కంప్యూటర్లు తిరిగాక, బొమ్మ రాని కంప్యూటర్ ఒకటి దొరికింది. ఇదే సార్, ఇదే అని గంతేశాను. టెంటులో వాళ్ళకు పాపం ఈ సంబరం అర్థం కాలేదు. నల్లటి తెర చూపించి ఎగురుతున్న వాణ్ని చూస్తూ కూర్చున్నారు. బొమ్మ లేదు కాబట్టి చెవులు పెట్టి విన్నారు. మైకుసెట్టు ఆయన మంచితనం కొద్దీ కంప్యూటర్‌ను స్పీకరు డబ్బాలకు తగిలించాడు. హైవే పొడుగునా వినిపించింది.

ముందు రాజు. "ఎంత ఘోరం జరిగిపోయింది మంత్రివర్యా! నా నగలు తెప్పించండి!" అది మా సార్ గొంతే. ఖర్చు కలిసొస్తుందని రాజుకూ దొంగకూ తనే చెప్పాడు. రాజుకు తన మాటే. దొంగకు మాత్రం సినిమాల్లో విన్న తెలంగాణ తీశాడు. ఎక్కడ పడితే అక్కడ గా, గిట్ల, బే చల్లితే తెలంగాణ అయిపోతుందని ఆయన నమ్మకం. "గా నగలు గా మూటల గిట్ల గట్టి గిప్పుడే పోతున్న బే! గా దమ్ముంటే గిట్ల పట్టుర్రి బే!" అని దొంగ హైవే మీద వికటంగా నవ్వాడు.

ఆఫీసులో ఆ ముక్క వచ్చినప్పుడు గోడ దూకబోయి దొంగ పంచె చిరిగేది, అందరం దాన్ని చూసి నవ్వేవాళ్ళం. ఇక్కడ పంచె కనపడలేదు, మాట ఒక్కటే మిగిలింది. టెంటులో ఎవరూ నవ్వలేదు. కాసేపటికి వెనకనుంచి ఒక టీచరు, "గీ దొంగది ఏ జిల్లా?" అన్నాడు. మా నల్గొండైతే కాదన్నారు ఒకరు. పాలమూరాయన, మా దిక్కు ఎవ్వడు గిట్ల మాట్లాడడన్నాడు. వరంగల్ టైపిస్టు అమ్మ తల అడ్డంగా ఊపింది. కరీంనగర్ మీదికి నెట్టబోతే కరీంనగర్ ఆయన లేచి నిలబడ్డాడు. పది జిల్లాల్లో ఏ ఒక్క జిల్లా కూడా ఆ దొంగను తనవాడని ఒప్పుకోలేదు. అప్పుడు నవ్వారు. నవ్వు ఆగాక నాయిన లేచాడు.

"సార్, రాజు గొంతు మీదే, దొంగ గొంతు మీదే గదా" అన్నాడు మా సార్‌తో. అవునన్నట్టు సార్ తలూపాడు. "మరి రాజు మీ లెక్క మాట్లాడి, దొంగ మా లెక్క ఎందుకు మాట్లాడుతుండు?"

మా సార్ చేతిలో బగారన్నం ముద్ద అట్లాగే ఉండిపోయింది. అంత ఆలోచించలేదండీ, పిల్లలు నవ్వుతారని పెట్టానండీ అన్నాడు. నాయిన గొంతు పెంచలేదు. "నవ్వుతరు సార్. ఇన్నేండ్ల సంది నవ్వుతనే ఉన్నరు" అన్నాడు.

నాకు ఆ క్షణంలో సిగ్గేసింది, కోపమూ వచ్చింది. సార్ మీద, అంతకాలం ఆ మాటలు చెవిలో పడుతున్నా వీడియో నడుస్తోందా లేదా అన్నది తప్ప ఇంకేమీ వినని నా మీద కూడా. మరోపక్క నా పని ఇక్కడితో గోవిందా అనీ అర్థమైంది. ఒకాయన లేచి సీడీ బయటికి తీయమన్నాడు. ఇంకొకాయన మా సార్‌ను ఏ ఊరని అడిగాడు. సార్ తెనాలి అనబోయి, చాలాకాలం నుంచి కొత్తపేటే అన్నాడు.

కానీ మా సార్‌లో ఒక గుణం ఉంది. లెక్క తప్పిందని తెలిస్తే బోర్డు తుడిచేస్తాడు. విస్తరి పక్కన పెట్టి లేచి, తప్పయిపోయింది, మార్చేస్తాను అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. మంచి చేద్దామనుకుని ఇంకో అడుగు వేశాడు. మీ యాసలో మీరైతేనే సరిగ్గా ఉంటుంది పెద్దాయనా, ఆ దొంగకు మీరే చెప్పండి అన్నాడు. టెంటంతా నిట్టూర్చింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"దొంగకు నేను చెప్ప" అన్నాడు నాయిన. "రాజుకైతే చెప్త."

మరి దొంగకో అన్నాడు సార్. "దొంగకు మీరే చెప్పుండ్రి. మీ భాషల" అన్నాడు నాయిన. ఈసారి టెంటు పైకప్పు లేచిపోయేట్టు నవ్వారు. మా సార్ కూడా నవ్వాడు. పొద్దుటి నుంచి ఆ మనిషి ఊపిరి తీసుకోవడం నేను చూసింది అప్పుడే.

ఆ తరువాత నాకు చేతినిండా పని. ఎవడి కంప్యూటర్‌లో ఏ కోడెక్ ఉందో మనకెందుకు, ముడి విప్పేవాణ్ని మనమే ఆట లోపల కూర్చోబెట్టి పంపుదాం అనుకున్నాం. చెప్పడం తేలిక. వాణ్ని కూర్చోబెడితే దొంగ పెదాలు ముందు కదిలి మాట తరువాత వచ్చేది. అది సరిచేస్తే రాజు తలకిందులుగా వచ్చాడు. తల ప్రాణం తోకకొచ్చింది. పైగా సమ్మె విరమిస్తారని పేపర్లో రోజుకో మాట వస్తోంది. విరమిస్తే కంప్యూటర్ కవరు కిందికి పోతుంది, నేను కింది అంతస్తుకు పోతాను. రాష్ట్రం కోసం అందరూ ఒక రకంగా ఎదురుచూస్తుంటే, దేవుడా ఈ సమ్మె ఇంకొంచెం సాగనీ అని దండం పెట్టుకున్న ద్రోహిని నేను.

నాయిన రికార్డింగుకు వచ్చాడు. మెట్లెక్కుతుంటే కోచింగ్ సెంటర్ ఆయన ఎదురొచ్చి అడ్మిషనా అని అడిగాడట. కాదు సార్, మీద రాజు పనున్నది అని చెప్పి వచ్చేశాడు. కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, దుప్పట్లు అడ్డం కట్టి మైకు ముందు కూర్చోబెట్టాం. సార్ రాసిచ్చిన కాగితం చూసి, మంత్రివర్యా అని ఎవ్వలన్నా పిలుస్తరా, నగలు పోతే ఘోరం ఘోరమనుడేంది, ఇంట్ల ఎవ్వలన్నా పోయిన్రా అని అడిగాడు. కాగితం పక్కన పెట్టి తన మాటలో అందుకున్నాడు. "ఏమయ్య మంత్రీ, తాళంచెయ్యి ఏడ వెట్టినవ్? నిన్ను నమ్ముకుంటే ఖజానా గంగల గలిసె. నగలు దొరికేదాక నువ్వు అన్నం ముందల కూసోకు." చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటున్న నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఆయన ఎప్పుడూ అట్లా మాట్లాడగా వినలేదు నేను. ఇంత ఠీవి ఈయనకు ఎక్కడిది అనుకున్నాను. కాసేపటికి పట్టుకున్నాను. ఆ విరుపు, ఆ ఆగడం, ఏమయ్య అనడం, అన్నీ వాళ్ళ పెద్దసారువి. ఇన్నేళ్ళు టీ గ్లాసులతో గది గుమ్మంలో నిలబడి విన్నదంతా రాజుకు ఇచ్చేశాడు. మా సార్ ఆ తరువాత కూర్చుని దొంగకు అచ్చమైన తెనాలి మాటలో చెప్పాడు. ఒట్టేసి చెప్తున్నాను, ఆ దొంగ ముందటివాడికంటే ఎంతో నయం.

టెంటులో కంప్యూటర్‌కు కాపలా కూడా నాయినే. ఒక గుమస్తా పెన్‌డ్రైవ్ తెచ్చి, ఊకె కూసున్నం గదా, ఒక సినిమా ఏసుకుందామని దగ్గరికి వచ్చాడట. సినిమాతోపాటు ఆ పాడు కోడెక్ కూడా ఎక్కితే నా పరీక్ష మొత్తం చెడుతుంది. అంతా నాయినకు ముందే చెప్పి ఉంచాను. ఆయన మడి కట్టుకున్న వంటింటిని కాపాడినట్టు కాపాడాడు. కవరు కప్పి, దానికి ఆనుకుని కూర్చుని, పక్కకు తిరిగినప్పుడు ఇంకొకరిని కూర్చోబెట్టి పోయేవాడు.

కొత్త సీడీ పట్టుకుని పోయిన రోజు టెంటులో అందరికీ తెలిసిపోయి ఉంది, ఇవాళ తెలుస్తుందని. పెద్దసారు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆ రోజే సమ్మె సంగతి తేలిపోతుందని కూడా అంటున్నారు. సీడీ లోపలికి పోయి గర్రున తిరిగింది. తెర నల్లగా ఉంది. నల్లగానే ఉంది. నాయిన నా మొహం చూస్తున్నాడని తెలుసు, తల తిప్పలేదు. అప్పుడు కోట కనిపించింది. జెండా కదిలింది. మీసాలతో, కిరీటంతో రాజు తెర నిండా వచ్చి నిలబడి, "ఏమయ్య మంత్రీ" అన్నాడు.

కంప్యూటర్‌లోంచి ఒక రాజు తమ ఇంట్లోలాగా మాట్లాడుతుంటే ఆ పెద్దమనుషులందరూ పిల్లల్లాగా నోళ్ళు తెరుచుకుని చూశారు. టైపిస్టు అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఈసారి పొగ లేదు. మంత్రి కాలు జారి పడితే నవ్వారు, దొంగ తెనాలి మాటలో నా వల్ల కాదండీ బాబూ అంటే పడీ పడీ నవ్వారు. పెద్దసారు మాత్రం కనుబొమలు ముడిచి, గీ రాజు మాట ఎక్కడో విన్నట్టున్నది అన్నాడు.

రెండో వీడియో మొదలైంది. ఈలోగా చౌరస్తా వైపు నుంచి ర్యాలీ వస్తోందని కబురొచ్చింది. పెద్దసారు లేచి మైకు అందుకున్నాడు. నినాదం మొదలుపెట్టడానికి గొంతు సవరించుకుని చెయ్యి పైకెత్తాడు. ఆయన చెయ్యి లేస్తే అందరూ లేవాలి, అందరికంటే ముందు మా నాయిన లేవాలి. ఇన్నేళ్ళలో ఆయన లేవని రోజు లేదు.

నాయిన లేవలేదు. తెర మీంచి కళ్ళు తిప్పకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఆగుండ్రి సార్" అన్నాడు. "మావోని బొమ్మ నడుస్తుంది."